విజిలక్క ఫుట్‌బాల్ నేర్చుకున్న పదిహేను రోజులు

కండక్టర్లందరి మెడలోనూ విజిల్ వేలాడుతుంది. కానీ ఆమె ఊదితే ఆమె బస్సుతో పాటు పక్క బస్సు కూడా కదులుతుంది. ఉత్తుత్తి మాట కాదు, ఒకసారి కదిలింది కూడా. స్టాపులో పక్కనే ఆగి ఉన్న బస్సు డ్రైవరు తన కండక్టరే ఊదాడనుకుని బండి లాగించేశాడు. ఆ కండక్టరు మాత్రం టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని, వెళ్లిపోతున్న తన ఉద్యోగాన్ని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆమెకు విజిలక్క అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో మాత్రం మిగిలింది.

విజిలక్కకు నలభై ఒకటి. పొట్టి మనిషి, గట్టి గొంతు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఎవరి కాలూ తొక్కకుండా నడిచి వెళ్లగలదు. సన్నగా ఉన్న కండక్టర్లకే అది చేతకాదు. ఎవరైనా అడిగితే, "మనుషుల్ని చూస్తే దారి కనపడదయ్యా, మనుషుల మధ్య ఖాళీని చూడాలి," అనేది.

పదకొండేళ్లు చేశాక ఆమెకు ఒక కోరిక పుట్టింది. డ్రైవరు కావాలని. డిపోలోనే సిబ్బందికి పెద్ద బండి నేర్పే తరగతి ఉంది. ఏడాదికి ఒక్క బ్యాచ్. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు. ఒక్కరోజు మానేసినా పేరు కొట్టేస్తారు. నలభై రెండు నిండితే అసలు తీసుకోరు. అంటే ఆమెకు ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. చిక్కల్లా ఒక్కటే. ఆమె ఎక్కే దూరం రూటు బస్సు తిరిగి డిపోకి చేరేది సాయంత్రం ఆరున్నరకి.

సరిగ్గా అప్పుడే చుట్టు బస్సు ఖాళీ అయింది. ఊరిని గుండ్రంగా చుట్టి వచ్చే ఆ బస్సు డ్యూటీ పొద్దున్న ఆరుకి మొదలై రెండున్నరకి అయిపోతుంది. దాని కండక్టరు పదవీ విరమణ చేశాడని తెలిసిన గంటలో విజిలక్క దరఖాస్తు పెట్టేసింది. అంతకు పది నిమిషాల ముందే ఇంకొకరు పెట్టేశారు. ఆయన పేరు కిటికీ.

బస్సెక్కగానే వెనక తలుపు పక్కన కిటికీ సీటులో కూర్చుని, దిగే దాకా లేవకుండా, "టికెట్లు ఇటు రండి, ఇటు రండి" అని ప్రయాణికుల్నే తన దగ్గరికి రప్పించుకునే మనిషి కాబట్టి ఆయనకా పేరు. విజిలక్కా, కిటికీ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. సీనియారిటీలో వెంట్రుకవాసి తేడా లేదు. చుట్టు బస్సు ఎందుకు కావాలో రాయమంటే ఆమె డ్రైవింగ్ తరగతి అని రాసింది. ఆయన "మధ్యాహ్నం నిద్ర" అని రాశాడు. ఆ డిపో పుట్టాక ఇంత నిజాయితీగా ఎవరూ దరఖాస్తు రాసి ఉండరు.

డ్యూటీ చార్టు రాసే గుమాస్తా రెండు కాగితాలూ చూసి తల పట్టుకున్నాడు.

"నా నెత్తిన పెట్టకండి తల్లీ. పద్ధతి ఉందిగా, మీరే తేల్చుకోండి."

పద్ధతి అంటే క్యారమ్స్. ఒకే రోజు చేరిన ఇద్దరు ఒకే డ్యూటీ అడిగితే విశ్రాంతి గదిలో క్యారమ్స్ ఆడాలి. గెలిచినవాళ్ల పేరు చార్టులో ఎక్కుతుంది. ఎవరు పెట్టారో తెలియదు కానీ మేనేజర్లు ఎంతమంది మారినా ఆ పద్ధతి మారలేదు. విజిలక్క లోలోపల మురిసిపోయింది. క్యారమ్స్‌లో ఆరేళ్లుగా ఆమెను ఓడించిన మొనగాడు లేడు.

"క్యారమ్ బోర్డు ఏదీ?" అంది చేతులు రుద్దుకుంటూ.

గుమాస్తా మూలకి చూపించాడు. కప్పు కారి, వారం రోజుల వానంతా బోర్డు మీద పడింది. మధ్యలో గుట్ట లేచింది. విజిలక్క స్ట్రైకర్ పెట్టి కొట్టి చూసింది. అది గుట్టెక్కి, దిగి, తిరిగి ఆమె ఒళ్లోకే వచ్చి పడింది.

"ఇంకేం, టీవీలో ఫుట్‌బాల్ ఆడండి. అదీ ఆటే, ఇదీ ఆటే," అన్నాడు గుమాస్తా. మెకానిక్కు ఎవరో పారేసిన వీడియో గేమ్ మిషన్ తెచ్చి, బాగుచేసి, విశ్రాంతి గది టీవీకి తగిలించి మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ డ్యూటీ దిగిన ప్రతి కండక్టరూ ఇంటికి పోతే, కిటికీ మాత్రం దాని ముందు కూర్చున్నాడు. ఆయన మొహం బల్బులా వెలిగింది.

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు చాలా వినయంగా.

"పదిహేను రోజులు టైమివ్వండి," అంది విజిలక్క. గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది గానీ, ఆ మిషన్ రిమోట్ ఎటు పట్టుకోవాలో కూడా ఆమెకి తెలియదు.

ఇంట్లో ఆడపడుచు ఉంది. భర్తకి చెల్లెలు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు కోసి, అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించే పని. రోజంతా వెంట్రుకంత తేడాలు చూసి చూసి, సాయంత్రం ఇంటికొచ్చాక ఫుట్‌బాల్ గేమ్ పెట్టుకుని అరుస్తుంది. ఆ అరుపులకి విజిలక్క ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. ఇప్పుడు అదే మనిషి ముందు నిలబడి ఆ ఆట నేర్పమని అడిగింది.

"నువ్వా? ఫుట్‌బాలా? వదినా, ఇంకోసారి చెప్పు!" ఆడపడుచు నవ్విన నవ్వుకి కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"నవ్వింది చాలు. నేర్పుతావా, లేదా?"

"నేర్పుతా. కానీ ఆట దగ్గర వదినా లేదు, గిదినా లేదు. తిడతా."

"మీ అన్నయ్య కంటే ఎక్కువ తిడతావా?"

"మా అన్నయ్య నిన్నెప్పుడు తిట్టాడమ్మా? భయపడి చస్తుంటేనూ."

"నాకన్నీ వినపడుతున్నాయి," అన్నాడు వంటగదిలోంచి ఆ అన్నయ్య.

మొదటి ఆట తొమ్మిది సున్నా. సున్నా ఎవరిదో చెప్పక్కర్లేదు. బంతి ఎక్కడుంటే విజిలక్క మనుషులంతా అక్కడే. ఎడమకి పోతే ఎడమకి, కుడికి పోతే కుడికి, ఒకర్నొకరు గుద్దుకుంటూ గుంపుగా పరిగెత్తారు. వెనక గోలు దగ్గర గోల్‌కీపర్ ఒక్కడే అనాథలా నిలబడ్డాడు. ఆమె బటన్లని ఎంత గట్టిగా నొక్కిందంటే బొటనవేలు ఎర్రబడింది.

ఆడపడుచు ఆట ఆపేసింది.

"ఒక్క మాట అడుగుతా, చెప్పు. బస్సులో వెనకాల టికెట్ లేనివాడు కనపడ్డాడు. ఏం చేస్తావ్?"

"వెళ్లి పట్టుకుంటా."

"ముందు తలుపు తెరిచిపెట్టి, వాడి వెంట పరిగెడతావా?"

"నాకేమైనా పిచ్చా? ముందు రెండు తలుపులూ మూయిస్తా. తర్వాత నింపాదిగా వెళ్తా. వాడెక్కడికి పోతాడు?"

"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"

విజిలక్క టీవీ వంక చూసింది. ఆమె మనుషులు పదిమందీ ఒక మూల కుప్పగా ఉన్నారు.

"తలుపులు బార్లా తెరిచేశాను," అంది చిన్నగా.

"కదా. గోలు ముందు నిలబడ్డ ఈ ఇద్దరే నీ తలుపులు. ప్రాణం పోయినా వాళ్లని బంతి మీదికి పంపకు. వాళ్ల ముందుండే మధ్యవాణ్ణి నువ్వు తీసుకో. బంతికీ గోలుకీ నడుమ నిలబెట్టు. ఈ బటన్ నొక్కి ఉంచితే వాడు ఎదురుగా నిలబడి పక్కపక్కకి జరుగుతాడు. దారి మూసెయ్. అవతలివాడు బంతి ఎవరికి ఇద్దామనుకుంటున్నాడో చూసి ఆ గీత మీదికి జరుగు. లాక్కోవక్కర్లేదు, వాడే తప్పు చేసి నీకిస్తాడు."

"ఈ బటనో?"

"అది జారి తన్నేది. దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా. నేను అద్దం అరగదీసేటప్పుడు ఒక్క గీత ఎక్కువ పోయిందా, ఇక దాన్ని పారెయ్యాల్సిందే, మళ్లీ అతకదు. జారడమూ అంతే. గురి తప్పితే నీవాడు నేల మీద, బంతి గోల్లో."

మూడో రోజుకి తొమ్మిది కాస్తా నాలుగైంది. ఐదో రోజుకి రెండు. విజిలక్కకి కాచుకోవడం పట్టుబడింది. అది ఆమెకి కొత్త విద్యేమీ కాదు మరి. పదకొండేళ్లుగా చేస్తున్నదే. తోసుకొచ్చేవాణ్ణి తోయకుండా, ఎదురుగా నిలబడి, మెల్లగా అంచుకి జరుపుకుంటూ పోవడం.

కాచుకోవడం వచ్చింది గానీ, కొట్టడం ఒక పట్టాన రాలేదు. ఆమె దగ్గర బంతి ఉంటే ఆట మొత్తం ఆగిపోయేది. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని మైదానం మధ్యలో అలా నిలబడి ఉండేది.

"ఇవ్వు వదినా! ముందుకివ్వు! ఎవరి కోసం ఆగావ్?"

"ఆ వెనకవాడింకా రాలేదు."

"వాడు రాడు! వాడు తలుపు!"

"సరే, ఆ ఎడమ పక్కవాడు? అదిగో, వస్తున్నాడు. ఇంకొక్కడే, వాడూ వస్తే..."

"వాడు వచ్చేసరికి అవతలివాళ్లు టీ తాగి వచ్చి, పదకొండు మందీ గోలు ముందు కూర్చుంటారు!"

"అందర్నీ ఎక్కించుకోకుండా ఎలా కదుల్తాం?" అనేసింది విజిలక్క. అన్నాక తనకే అర్థమైంది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. స్టాపులో పరిగెత్తుకొచ్చే ఆఖరి మనిషి ఎక్కితే గానీ ఆమె ఏనాడూ విజిల్ ఊదలేదు. ఆ అలవాటు మెదడు దాటి బొటనవేలిలోకి దిగిపోయింది.

"బంతి దొరికిన మొదటి మూడు సెకన్లూ బంగారం వదినా. అవతలివాళ్లు అప్పటికి ఇంకా చెదిరి ఉంటారు. ఇద్దరు దొరికితే చాలు, పోనియ్. మూడు సెకన్లు దాటితే ఇక తొందరొద్దు. వెనక్కిచ్చి, మళ్లీ మొదలెట్టు. వెనక్కివ్వడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. పరుగు బటన్ ఊరికే నొక్కి ఉంచకు, బంతి కాలికి దూరమైపోతుంది, మలుపు తిరగలేవు. ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడే నొక్కు. అంచు దాకా వెళ్లావా, అక్కణ్ణుంచి నేరుగా కొట్టకు. కాస్త వెనక్కి, గోలు ముందుకి పరిగెత్తుకొచ్చే నీవాడి కాళ్లకివ్వు. వాడు కొడతాడు."

ఖాళీని చూడమంటే విజిలక్కకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మర్నాటి నుంచి బస్సే ఆమెకు మైదానమైంది. నిలబడ్డ జనాన్ని చూస్తూ ఎక్కడ తెరిపి ఉందో, ఎవరు పక్కకి జరిగితే దారి తెరుచుకుంటుందో అంచనా కట్టేది. ఒక పెద్దమనిషి పెద్ద పెట్టెతో నడిమధ్య ఇరుక్కుంటే, "మధ్యలోంచి పోలేరు సార్, అంచుకి పోండి, పెట్టె వెనక్కి పాసివ్వండి!" అని కేక పెట్టింది. డ్రైవరు అద్దంలోంచి గుడ్లప్పగించి చూశాడు.

"ఏంటక్కా, ఇవాళ ఏదో కొత్త భాష మాట్లాడుతున్నావ్?"

"నువ్వు రోడ్డు చూడు నాయనా."

పన్నెండో రోజున ఆమె చేసిన తప్పల్లా డిపోలో కిటికీ ఆట చూడటమే. బస్సులో సీటు వదలని ఆ మనిషి టీవీలో ఒక్క క్షణం ఎవర్నీ నిలబడనివ్వడు. పొడుగాటి ఆటగాణ్ణొకణ్ణి పట్టుకుని, పరుగు బటన్ వదలకుండా, కుడి అంచున రైలులా పోనిస్తాడు. మెకానిక్కుని ఐదు సున్నాతో ఓడించి, ఆవలించాడు.

ఇంటికొచ్చి విజిలక్క కూలబడింది.

"నావల్ల కాదే. వాడు రాక్షసుడు."

ఆడపడుచు ఓదార్చలేదు. ఓదార్పు ఆమె రక్తంలోనే లేదు.

"సరే, మానెయ్. అసలు ఆ డ్రైవింగెందుకు నీకు? ఉన్న ఉద్యోగం బాగానే ఉందిగా."

విజిలక్క మెడలోని విజిల్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది. "పదకొండేళ్లుగా పొమ్మనేది నేను, పోయేది డ్రైవర్లు. నేనూ ఒక్కసారి పోవాలే."

ఆడపడుచు గేమ్ ఆన్ చేసి, రిమోట్ ఆమె చేతిలో పెట్టింది. "వాడు కుడి అంచునే వస్తాడు, అంతేగా? ఇవాళంతా నేనూ అలాగే వస్తా. కాచుకో."

శనివారం ఆట కోసం ఇద్దరూ సెలవు పెట్టారు. మూడు గంటలకి విశ్రాంతి గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. డ్యూటీ దిగినవాళ్లూ, ఎక్కాల్సినవాళ్లూ, ఛార్జింగ్‌కి పెట్టిన టికెట్ మిషన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. గుమాస్తా చార్టు తొడ మీద పరుచుకుని పెన్ను మూత తీశాడు. కిటికీ, కిటికీ పక్కనే కూర్చున్నాడు. ఎర్ర చొక్కాలు ఆయనవి, పసుపు చొక్కాలు ఆమెవి.

"మెల్లగా ఆడతాలే అమ్మా," అన్నాడు.

"నీ ఇష్టమన్నా."

మొదటి సగమంతా పొడుగువాడు కుడి అంచున వస్తూనే ఉన్నాడు. విజిలక్క మధ్యవాడు ఎదురెళ్లి నిలబడుతూనే ఉన్నాడు. లాక్కోడు, తన్నడు, దారి ఇవ్వడు. పొడుగువాడు గీత దాటి బంతి పోగొట్టుకోవడం, మళ్లీ రావడం. జనానికి విసుగొచ్చింది.

"విజిలక్కా, స్టాపొచ్చింది, దిగుతావా?"

"అక్క ఆడటం లేదురా, నిలబడి ప్రయాణం చేస్తోంది!"

సున్నా సున్నా.

రెండో సగంలో ఆమె కొంప మునిగింది. పొడుగువాడు మొదటిసారి లోపలికి మళ్లాడు. ఆమె కంగారుపడి, వద్దన్న బటన్ నొక్కేసింది. మధ్యవాడు జారి, గడ్డి మీద మూడు గజాలు పోయి, బోర్లా పడ్డాడు. ఎర్ర చొక్కా గోలు కొట్టింది. గది ఊగిపోయింది. విజిలక్కకి ఒక్క క్షణం కళ్ల ముందు సాయంత్రం నాలుగు గంటలు కనపడ్డాయి. దూరం రూటులో, దుమ్ములో, వెనక తలుపు కమ్మీ పట్టుకుని తాను. వచ్చే ఏడాది కూడా అలాగే, ఆ పై ఏడాదీ అలాగే.

రిమోట్ సరిచేసి పట్టుకుంది. ఆ బటన్ మీంచి వేలు తీసి, ఒంటికి దూరంగా చాపి పెట్టుకుంది, కాలిన వేలిలా.

రెండు నిమిషాల తర్వాత కిటికీ ఇచ్చిన పాసొకటి ఆమె నిలబడ్డ గీత మీదికే వచ్చింది. మూడు సెకన్లు. ఎడమ పక్క ఎవరూ లేరు. ఇచ్చేసింది. ఎవరి కోసమూ ఆగలేదు. ఆ పసుపు చొక్కా అంచు దాకా వెళ్లింది. గది మొత్తం "కొట్టు! కొట్టు!" అని అరిచింది. ఆమె కొట్టలేదు. వెనక్కిచ్చింది. వచ్చినవాడు కాలు ఆనించాడు, అంతే. ఒకటి ఒకటి.

"ఇదెవరు నేర్పార్రా ఈమెకి?" అన్నాడు కిటికీ, ఇప్పుడు నిద్రమొహం పూర్తిగా వదిలిపోయి.

ఆఖరి నిమిషం. కిటికీకి కార్నర్ దొరికింది, అంటే మైదానం మూల నుంచి గోలు ముందుకి బంతి లేపే అవకాశం. సమానమైతే అదనపు సమయం ఆడాలి, అదయ్యేసరికి ఇంకో పావుగంట. ఆయన గోడ గడియారం చూశాడు. పడుకునే వేళ దాటి చాలాసేపైంది. ఇక్కడే తేల్చేద్దామనుకున్నాడు. తన మనుషుల్ని ఒక్కొక్కరిగా గోలు ముందుకి పంపాడు. మధ్యవాళ్లు వచ్చారు. తలుపులిద్దరూ వచ్చారు. గోల్‌కీపర్‌ని కూడా ముందుకి రప్పించే బటన్ ఒకటుంది, అదీ నొక్కాడు. ఆఖరివాడు వచ్చేదాకా బంతి కొట్టకుండా ఆగాడు.

విజిలక్క అది చూసింది. ఆ ఆగడం ఆమెకి బాగా తెలుసు. పది రోజుల కిందటి తన బొటనవేలే అది. ఆమె ఒక్క పసుపు చొక్కాని మాత్రం మైదానం మధ్య గీత మీద ఒంటరిగా వదిలేసింది.

బంతి లేచింది. ఒక ఎర్ర చొక్కావాడి తలకి తగిలింది. ఆమె గోల్‌కీపర్ చేతుల్లో పడింది. అదే ఊపులో విసిరింది. మధ్య గీత మీది పసుపు చొక్కా కాళ్ల దగ్గర పడింది. వాడి ముందు సగం మైదానం. అందులో ఒక్క పురుగు లేదు.

"అందరూ ఎక్కేశారోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. గది గదంతా కండక్టర్లే. విషయం ఒకేసారి అందరికీ ఎక్కింది. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. ఆ నవ్వులో విజిలక్క పరుగు బటన్‌ని ఆ రోజు మొదటిసారి పూర్తిగా నొక్కి పట్టుకుంది. పసుపు చొక్కా పరిగెత్తింది. వెనకాల పదకొండు ఎర్ర చొక్కాలు బస్సు తప్పినవాళ్లలా వెంటపడ్డాయి. ఖాళీ గోలులోకి బంతిని దొర్లించింది. రెండు ఒకటి. టీవీలో రిఫరీ ఆట ముగిసిందని ఊదాడు గానీ, ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

కిటికీ రిమోట్ వంక చూసుకున్నాడు.

"వెనక ఒక్కణ్ణయినా ఉంచలేదేంటి నేను?"

"ఎవర్నీ వదిలెయ్యకూడదని మనకి అలవాటైపోయిందన్నా," అంది విజిలక్క. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

ఆయన కాసేపు మొహం మాడ్చుకున్నాడు. "నా మధ్యాహ్నం నిద్ర పోయింది. ఇది కోలుకోలేని దెబ్బ."

"నా దూరం రూటు నువ్వు తీసుకో. ఆ చివర స్టాపులో బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది. చుట్టూ అలికిడుండదు. పొడుగు సీటు. పదకొండేళ్లు నేనక్కడ ఊరికే నిలబడి గోళ్లు గిల్లుకున్నా."

కిటికీ కళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. "నలభయ్యా?"

"ఒక్కోసారి నలభై ఐదు."

"ముందే చెప్పొచ్చుగా తల్లీ! అసలు దరఖాస్తే పెట్టేవాణ్ణి కాదు!"

గుమాస్తా చార్టు మీద పేరు రాశాడు. చాలా రోజుల తర్వాత అసలు పేరు చూసుకుని, అదెవరిదా అని విజిలక్క ఒక్క క్షణం తికమకపడింది.

సోమవారం నాలుగు గంటలకి ఆమె డిపో వెనక ఖాళీ స్థలంలో ఉంది. రంగు వెలిసిన పాత బస్సు. శిక్షకుడు ముసలాయన, చేతులు కట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. ఆమె డ్రైవరు సీట్లోకి ఎక్కింది. పదకొండేళ్లుగా బస్సులో ముందుకి చూస్తే ఆమెకి కనపడింది ఎవరో ఒక డ్రైవరు మెడ, దాని చుట్టూ కాసింత రోడ్డు. ఇప్పుడు మెడ లేదు. అద్దం అంత పెద్దదని ఆమెకి తెలియదు.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మూడోసారి అందుకుంది. బస్సు కదిలింది.

"మెల్లగా అమ్మా, మెల్లగా. గోడ వస్తోంది."

విజిలక్క స్టీరింగు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు. అంత పెద్ద బస్సు, ఒళ్లంతా మూలుగుతూ, గోడని వదిలేసి ఎడమకి ఒరిగింది.

"తిరిగింది సార్! తిరిగింది!" అని అరిచింది.

"తిప్పింది నువ్వేనమ్మా," అన్నాడు ముసలాయన, కమ్మీ గట్టిగా పట్టుకుని. "ఇప్పుడు తిన్నగా తేవాల్సింది కూడా నువ్వే. తే, తే, త్వరగా!"